ఉత్పలమాలలో పట్టిసీమకు రెండే చోట్లు

పట్టిసీమ అన్న పేరునే తీసుకుందాం. ఇంగ్లీషులో రాస్తే పది అక్షరాలు: పీ, ఏ, టీ, టీ, ఐ, ఎస్, ఈ, ఈ, ఎమ్, ఏ. స్క్రాబుల్ లెక్కలో పీకీ ఎమ్‌కీ మూడేసి, తక్కిన ఎనిమిదింటికీ ఒక్కొక్కటి, వెరసి 14 పాయింట్లు. కానీ ఆటగాడి ముందు ఒకసారికి ఉండేవి ఏడు బిళ్లలే. పైగా ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ ఆ ఆటలో చెల్లవు. గోదారి నడుమ కొండెక్కి కూర్చున్న వీరభద్రుడి ఊరికి ఆ బల్ల మీద చోటు లేదు.

అదే పేరు పద్యం రాసేవాడికి ఇస్తే నాలుగక్షరాలు. తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి 'ప' గురువు. 'ట్టి' లఘువు, 'సీ' గురువు, 'మ' లఘువు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలుంటాయి. పేరును పేరుగానే ఉంచితే ఈ నడక ఇమిడే చోట్లు అందులో రెండే: నాలుగో అక్షరం దగ్గర మొదలైతే ఒకటి, పదహారో అక్షరం దగ్గర మొదలైతే ఇంకొకటి. 'పట్టిసీమను' అన్నామా, నాలుగో చోటే గతి. 'పట్టిసీమలో' అన్నామా, పదహారో చోటే గతి, పాదం సరిగ్గా 'లో' దగ్గర ముగుస్తుంది. పాదం మొదట్లోనే ఊరి పేరు పెట్టాలని పట్టుపడితే ఉత్పలమాలా ఒప్పుకోదు, చంపకమాలా ఒప్పుకోదు. మత్తకోకిలనో ఆటవెలదినో ఆశ్రయించాలి.

ఫలానా అక్షరం ఫలానా చోట ఉన్న మాట కావాలని వెదకడం ఇవాళ ఫోన్లో పెద్ద వ్యాపకం. వర్డిల్ ఆడేవాళ్లకీ స్క్రాబుల్ ఆడేవాళ్లకీ మాటలు వెదికిపెట్టే యంత్రాలు బోలెడున్నాయి. తెలిసిన అక్షరాలు వేసి, తెలియని చోట ప్రశ్నార్థకం పెడితే జాబితా దిగుతుంది. తెలుగు పద్యం ఈ వెదుకులాటను నిత్యకృత్యం చేసి ఎన్ని వందల ఏళ్లయిందో. అడిగినదల్లా అప్పటికప్పుడు పద్యంలో కట్టి చెప్పే అవధానం దాన్ని సభకెక్కించింది. స్క్రాబుల్‌నూ అవధానాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు గొప్ప అన్న పంచాయితీ తేలదు గానీ, ఒక తేడా మాత్రం ఖాయంగా తేలుతుంది. స్క్రాబుల్‌లో వెల అక్షరానిది. పద్యంలో వెల చోటుది.

స్క్రాబుల్ పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. 1930ల ఆర్థిక మాంద్యంలో పని పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా ఆర్కిటెక్టు, పత్రికల పుటలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. ఆ లెక్క మీదే బిళ్లలు కట్టాడు. 'ఈ' బిళ్లలు 12, ఒక్కోదానికి ఒకే పాయింటు. క్యూ ఒకటే, జెడ్ ఒకటే, పదేసి పాయింట్లు. 'ఎస్' చివర తగిలిస్తే సగం మాటలు బహువచనాలైపోతాయి కాబట్టి దాన్ని నాలుగు బిళ్లలకే కట్టేశాడు. జేమ్స్ బ్రూనో 1948లో ఈ ఆటకు స్క్రాబుల్ అని పేరు పెట్టి అమ్మకానికి తెచ్చాడు. గళ్ల పలక మీద రెట్టింపు గడులూ మూడింతల గడులూ ఉన్నాయి, నిజమే. అవి లాభం పెంచే చోట్లు. మొదటి ఎత్తు తర్వాత వాటి మీద కాలు పెట్టకపోయినా ఆట సాగుతుంది.

పద్యంలో చోటు అంత ఉదారమైనది కాదు. యతి తప్పినా ప్రాస తప్పినా పాయింట్లు తగ్గడం కాదు, పద్యమే కాకుండా పోతుంది. కందానికీ వృత్తాలకీ నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. 'ట్ట' ప్రాస వేసినవాడు గట్టు, మెట్ట, చుట్టము, తట్ట, ఇట్టి అని రెండో అక్షరాన్ని పట్టుకుని మాటలు తోడుకోవాలి. నిఘంటువులేమో మొదటి అక్షరం వరసలో ఉంటాయి. పిఠాపురం రాజావారి పోషణలో తయారై, 1936లో మొదటి సంపుటం వెలువడిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు గోదావరి జిల్లాలు తెలుగుకిచ్చిన పెద్ద సొత్తు. అందులో గట్టుకీ మెట్టకీ మధ్య ఎన్ని పుటల దూరమో! రెండో అక్షరం వరసలో పేర్చిన నిఘంటువు పద్యకవి తలలోనే ఉండాలి. ఇప్పుడు గణాలు సరిచూసిపెట్టే 'ఛందం' లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కంప్యూటరు నిఘంటువులు ఉన్నాయి. బల్ల దగ్గర కూర్చుని రాసేవాడికి అవి సాయం. సభలో కాగితమే లేని అవధానికి ఏం సాయం?

న్యస్తాక్షరిని దగ్గరగా చూస్తే ఈ చోటు వెల బోధపడుతుంది. అష్టావధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకుల్లో ఒకడి పని ఇది: ఏ వృత్తమో, ఏ పాదంలో ఎన్నో అక్షరం ఏముండాలో ముందే చెప్పేస్తాడు. ఉత్పలమాలలో పదో అక్షరం 'ఠ' గుణింతంలోది కావాలన్నాడనుకుందాం. వినడానికి ఒక అక్షరమే అడిగాడు. నిజానికి మూడు అడిగాడు. ఉత్పలమాలలో పదో అక్షరం గురువు, కాబట్టి తర్వాత ద్విత్వమో సంయుక్తమో లేకపోతే ఉత్త 'ఠ' పనికిరాదు. అది యతిస్థానం కూడా, కాబట్టి పాదం మొదటి అక్షరం దానితో కలవాలి. 'ఠీవి' అన్న మాట దొరికింది, గురువూ లఘువూ కుదిరాయి. ఇప్పుడు వెనక్కి, తొమ్మిది అక్షరాల వెనక్కి వెళ్లి, ఇ-ఎ గుణింతాల్లో ట, ఠ, డ, ఢలతో మొదలయ్యే మాట వెదకాలి. పైగా అది గురువు, లఘువు, లఘువుగా నడవాలి. 'డెందము' వస్తుంది. అలా డెందానికీ ఠీవికీ వంతెన కట్టి, మధ్యలో అర్థం నడిపించాలి. స్క్రాబుల్ ఆటగాడికి క్యూ చేతికొస్తే యూ కోసం చూస్తాడు, లేకపోతే యూ లేని క్యూ మాటల చిట్టా గుర్తు తెచ్చుకుంటాడు. అతని ఇబ్బంది పక్క అక్షరంతో. అవధాని ఇబ్బంది పాదమంతటితో.

అంత మాత్రాన అవధానాన్ని ఆకాశానికెత్తేయనక్కర్లేదు. రెండు ఆటలూ ఒకే రకం చిల్లర నాణేల మీద బతుకుతున్నాయి. స్క్రాబుల్ ఆటగాళ్లు మొదట కంఠతా పట్టేది రెండక్షరాల మాటల చిట్టా. క్యూ-ఐ, జెడ్-ఏ లాంటివి. మామూలు సంభాషణలో వాటిని వాడేవాళ్లు తక్కువ. అవి ఇరుకు సందుల్లో పాయింట్లు పిండుకోవడానికి ఉన్నవి. మన వైపు చూడండి. సంస్కృతంలో ఏకాక్షర నిఘంటువులే ఉన్నాయి. క అంటే బ్రహ్మ, ఖ అంటే ఆకాశం, అ అంటే విష్ణువు. ఒక్క అక్షరం తక్కువైతే దేవుణ్ణో ఆకాశాన్నో తెచ్చి పూడ్చుకోవచ్చు. తెలుగులోనైతే 'తగన్', 'వేడ్కన్', 'చూడగన్', 'ఒప్పుగ' అన్న మాటల బలగం సదా సిద్ధం. సభలో చప్పట్లు పడ్డ అవధాన పద్యాలను మర్నాడు కాగితం మీద చదివితే ఈ బలగమే ముందు కనిపిస్తుంది. స్క్రాబుల్ ఈ సంగతిని దాచుకోదు. మాట జాబితాలో ఉందా లేదా, అంతే. అవధానం మాత్రం పూడికను వర్ణనగా చలామణి చేయించుకుంటుంది. ఈ విషయంలో నాకు స్క్రాబుల్ నిజాయితీయే నచ్చుతుంది.

ఆ నిజాయితీ కొసకు వెళ్లినవాడు నైజెల్ రిచర్డ్స్. న్యూజిలాండ్ మనిషి. ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. మాటల జాబితా మొత్తం మింగేశాడు, అర్థాల జోలికి పోలేదు. దీన్ని చూసి ముక్కున వేలేసుకునేవాళ్లున్నారు గానీ, ఆట అడిగింది అతను ఇచ్చాడు. తెలుగు రాని మనిషి తెలుగు అవధానం చేయగలడా అంటే చేయలేడు. వర్ణన, సమస్యాపూరణ, ఆశువు అన్నీ అర్థం మీద నిలిచినవి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి లేచి, "అవధానిగారూ, మీ ఆవిడ ఏమన్నారు?" అని కవ్విస్తే సభ నవ్వేలా జవాబు చెప్పాలి. ఏ జాబితాలోనూ ఆ జవాబు ఉండదు.

వర్డిల్‌కి సాటి నిషిద్ధాక్షరి. సాటి అంటే పోలిక కాదు, తిరగబడ్డ పోలిక. 2021లో జోష్ వార్డిల్ జనంలోకి వదిలి, 2022 మొదట్లో న్యూయార్క్ టైమ్స్ కొనేసిన ఆ ఆటలో మాట యంత్రం దగ్గర దాక్కుని ఉంటుంది. అయిదక్షరాల మాట, ఆరు ప్రయత్నాలు. ఆడేవాడు అక్షరాల జాడ పట్టుకుని మాటను ఊహిస్తాడు. నిషిద్ధాక్షరిలో ఆ పని చేసేవాడు అవధాని కాదు, పృచ్ఛకుడు. పడుతున్న అక్షరాలను బట్టి అవధాని మనసులో ఏ మాట ఉందో పసిగట్టి, తర్వాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని అప్పటికప్పుడు మాట మార్చుకోవాలి. ఊహకి ఒక ఆట వేసి చూద్దాం. విషయం పట్టిసం (పట్టిసీమకే మరో పేరు) వీరభద్రుడు, పద్యం కందం. అవధాని 'శ్రీ' అన్నాడు. 'వీ' వద్దన్నాడు పృచ్ఛకుడు, వీరభద్ర అంటాడని. 'భ' వేశాడు. 'ద్ర' వద్దు. 'వ' వేశాడు: శ్రీభవ, భవుడంటే శివుడు. 'సూ' వేశాడు. 'ను' వద్దు, సూనుడు అంటే కొడుకని పృచ్ఛకుడికీ తెలుసు. 'తి' వేశాడు. శ్రీభవసూతి, శివుడి సంతానం. పేరెత్తకుండా వీరభద్రుడొచ్చాడు.

అక్కడితో గండం గడవలేదు. రెండో అక్షరం భ పడింది కాబట్టి ప్రాస భ. మొదటి అక్షరం దీర్ఘం పడింది కాబట్టి మిగిలిన మూడు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి. శోభ, లాభము, వైభవము, ప్రాభవము, సౌభాగ్యము పనికొస్తాయి. అభయము పనికిరాదు. పృచ్ఛకుడు ఈ చిట్టా తనూ వేసుకుని కూర్చుంటాడు. రెండో పాదం 'వై' అని మొదలైందో లేదో తర్వాతి అక్షరం మీద కన్నేస్తాడు, ప్రాస కాబట్టి భ ఎలాగూ ఆపలేడు, దాని తర్వాతి 'వ'ను ఆపుతాడు. వర్డిల్‌లో దాగిన మాటకు పారిపోయే తెలివి లేదు. అబ్సర్డిల్ అని దాని మీద ఒక వెక్కిరింత ఆట వచ్చింది, అందులో యంత్రం దొరక్కుండా మాట మార్చేస్తూ పోతుంది. అది నిషిద్ధాక్షరికి ఇంకాస్త దగ్గర. తేడా ఏమిటంటే, యంత్రం ఎక్కడికి తప్పించుకున్నా ఒక మాటలోనే ఉంటుంది. అవధాని తప్పించుకున్న ప్రతిసారీ పద్యం అర్థం దారి మళ్లుతుంది.

దత్తపదిలో వెదుకులాట మరో రకం. నాలుగు మాటలిచ్చి, వాటిని ఇముడుస్తూ వేరే విషయం మీద పద్యం చెప్పమంటారు. ఇడ్లీ, వడ, దోసె, సాంబారు ఇచ్చి రామాయణం చెప్పమనడం సభల్లో మామూలే. పట్టిసం మాటలే ఇద్దాం: రేవు, పడవ, లాంచి, పంపు. విషయం భారతం. 'పంపు' సులువు, రాయబారం పంపవచ్చు. పట్టిసీమ ఎత్తిపోతల పథకంలోని 24 పంపులకీ ఆ పంపడానికీ చుట్టరికం లేదు. 'రేవు' కోసం పాండవుల దగ్గరికి పోవాలి: వారేవురు, అంటే ఆ అయిదుగురు. 'పడవ' కనుపడవలె అన్న మాటలో దాక్కుంటుంది. 'లాంచి' కాస్త మొండిది. జలాంచిత అన్న సమాసంలో పట్టాలి, నీటితో అలరారే ఏ నదికైనా విశేషణంగా అతుకుతుంది. మాటల కీళ్ల దగ్గర కోసి, ఇచ్చిన పదం అంచులు కనపడకుండా కుట్టడం ఇక్కడి విద్య. స్క్రాబుల్‌లోనూ ఉన్న మాటకు ముందో వెనకో బిళ్ల తగిలించి కొత్త మాట చేస్తారు. కానీ అక్కడ రెండు మాటల సందులో మూడో మాటను దాచే వీల్లేదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ గడి ఉండి తీరాలి. సంధి ఉన్న భాషకే ఈ దొంగాట దక్కింది.

పట్టిసానికి పొరుగున ఉన్న పోలవరం పేరు అవధాన చరిత్రలో గట్టిగానే వినిపిస్తుంది. తిరుపతి వేంకట కవులను పోలవరం జమీందారు ఆస్థాన కవులుగా పెట్టుకుని, ఎడ్విన్ ఆర్నాల్డ్ బుద్ధకావ్యాన్ని తెలుగు చేయించారు. ఇద్దరూ గోదావరి మనుషులే. 1870లో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిది ఇప్పుడు నర్సరీలకు పేరుపడ్డ కడియం, 1872లో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రిది యండగండి. శతావధానాలతో సంస్థానాలన్నీ తిరిగి వచ్చినవాళ్లు. అయినా తీర్థాల్లో రాత్రంతా జనం మేలుకుని, రాగం తీస్తే 'వన్స్ మోర్' అని అరిచింది వాళ్ల అవధాన పద్యాలకు కాదు, పాండవోద్యోగ విజయాల నాటక పద్యాలకు. న్యస్తాక్షరి పద్యాలు పండితుల పుస్తకాల్లో మిగిలాయి. అక్షరాల ఆంక్షల్లో చేయి తిరిగినవాడికి ఆంక్ష తీసేశాక వచ్చే ధార ఆ నాటక పద్యాల్లో ఉంది. కసరత్తుకూ కవిత్వానికీ ఉన్న దూరం తెలుగు జనం ఎవరూ చెప్పకుండానే తేల్చేశారు.

అక్షరం వెదకడానికి మారుగా అక్షరాన్ని వెలివేసే ఆట కూడా మన రాజమండ్రిలోనే ఉంది. కందుకూరి వీరేశలింగం శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం రాశారు. అచ్చతెలుగు కావాలి, వచనం ఉండకూడదు, పెదవులు కలిస్తే తప్ప పలకని ప, ఫ, బ, భ, మలు రాకూడదు. కథ నలుడిది. నల అన్న రెండక్షరాలకూ అడ్డు లేదు గానీ, దమయంతిలో మ ఉంది. కథానాయిక పేరే నిషిద్ధం. భామ, లేమ, మగువ, పడతి, కొమ్మ అందరూ వెలి. చెలి, కన్నె, ఇంతి మిగిలారు. అమ్మ ఉండదు, నాన్న ఉంటాడు. ఇంగ్లీషులో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ 'ఈ' అక్షరం లేకుండా 'గాడ్స్‌బీ' నవల రాసి 1939లో అచ్చేశాడు, పొరపాటున కూడా పడకుండా టైపురైటరు మీద ఆ మీటను కట్టేసుకున్నాడట. ఫ్రెంచిలో జార్జ్ పెరెక్ 1969లో అదే అక్షరాన్ని వెలివేసి నవల రాశాడు.

ముగ్గురిలో పెరెక్‌ది ఒక్కటే కావ్యమనిపిస్తుంది. తండ్రి యుద్ధంలో పోయాడు, తల్లిని నాజీలు ఆష్విట్జ్‌కి పంపారు. ఆ నవల్లో ఒక అక్షరం మాయమవడం వెనక మాయమైన మనుషులున్నారని విమర్శకులు చదివారు. దండి ఇంకా ముందే ఒక దారి చూపాడు. దశకుమారచరితలో మంత్రగుప్తుడు ఓష్ఠ్యాలు లేకుండా కథ చెబుతాడు, ఎందుకంటే ప్రియురాలు పెదవి కొరికింది, పెదవులు కలిపితే నొప్పి. నిషేధానికి కథలోనే కారణం ఉంది. వీరేశలింగంగారి నైషధంలో అలాంటి కారణం కనపడదు. చేయగలనని చూపడమే కారణం. ఆ చేయి తర్వాత వచనం వైపు తిరిగి 1878లో రాజశేఖర చరిత్రము రాసింది, అదృష్టం.

ఇక తలుపుల మాట. అవధానం తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి లేదు. సంస్కృతం, ఛందస్సు, గురువు ఇంట ఏళ్ల తరబడి చదువు, రాజావారి దయ ఉండాల్సి వచ్చేది. పృచ్ఛకుల వరసలో కూర్చోవడానికి కూడా అదే అర్హత. ఆడవాళ్లకూ బ్రాహ్మణేతర కులాలకూ ఆ వేదిక చాలాకాలం దూరం. పోలవరం బస్సులో సీటు దొరక్క నిలబడ్డ ఇంటర్ పిల్ల ఫోన్లో వర్డిల్ ఆడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. కాకపోతే ఆ తలుపుకి ఇంగ్లీషు గొళ్లెం ఉంది. ఆ గొళ్లెం ఖరీదు స్కూలు ఫీజుల్లో కట్టాలి. ఆ పిల్లకి తెలుగులో స్క్రాబుల్ లాంటి బిళ్లల ఆట ఎందుకు అంత సులువుగా కుదరదంటే, గుణింతాలూ వత్తులూ కలిసి అక్షరాల సంఖ్య వందలు దాటిపోతుంది. ఒక్కో రూపానికి ఒక్కో బిళ్ల అంటే సంచి చాలదు. గుడీ కొమ్మూ వత్తూ విడదీసి బిళ్లలు చేస్తే అవి అక్షరాల్లా ఉండవు. వారపత్రికల పదబంధ ప్రహేళికలో పట్టిసీమ నాలుగు గడుల్లో హాయిగా కూర్చుంటుంది, ఎందుకంటే అక్కడ పెన్నుతో రాస్తాం, బిళ్లలతో పేర్చం.

చివరికి ఆట ముగిశాక చేతిలో ఏం మిగులుతుంది? వర్డిల్ ఆడినవాళ్లు వాట్సాప్‌లో పంచుకునేది ఆకుపచ్చ, పసుపు, నలుపు లేదా తెలుపు రంగు గడులు. మిగతావాళ్ల ఆట చెడకూడదని అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు, మర్యాదైన పనే. అవధానంలో ధారణ అని ఒక ఘట్టం ఉంటుంది. మధ్యమధ్య మోగే గంటలు లెక్కపెట్టి, అప్రస్తుత ప్రసంగికి జవాబులు చెప్పి, ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని వరసగా, పూర్తిగా, కాగితం లేకుండా అప్పజెబుతాడు. పద్యం నీరసంగా ఉంటే సభకు అప్పుడే తెలుస్తుంది, ఎందుకంటే అంతదాకా ఎవరూ దాన్ని మొత్తంగా వినలేదు.